ఆరేళ్ళ పిల్లలు నయం

కుక్కరు మూత వదులు చేసి ఆమె ఒక అడుగు వెనక్కి జరిగింది. ఆవిరి బుస్సుమని లేచి, కిటికీ అద్దాన్ని మసకబరిచి, మెల్లగా పలచబడింది. అందులో ఉడికేది అన్నం కాదు. పళ్ళు పీకే పట్టకార్లు, నోట్లో పెట్టి చూసే చిన్న అద్దాలు, కొంకి సూదులు. పనిముట్లను శుద్ధి చేసే ఆ యంత్రానికి పెద్ద పేరేదో ఉంది. కానీ పద్దెనిమిదేళ్ళ కిందట ఆమె పనిలో చేరిన రోజున పెద్ద డాక్టరుగారు దాన్ని చూపించి, "ఇదుగో, ఇది మన కుక్కరు. మాడ్చావంటే నీకు మధ్యాహ్నం భోజనం లేదు" అన్నారు. అప్పటినుంచి అది కుక్కరే. పెద్ద డాక్టరుగారు పోయారు. ఆయన కూతురు డాక్టరై ఆ కుర్చీ పక్కకు వచ్చింది. గోడల రంగులు రెండుసార్లు మారాయి. కుక్కరు పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఒక్కొక్క పనిముట్టూ తీసి తెల్లగుడ్డ మీద ఆరబెట్టింది. మామూలుగా ఈ వేళకు ఆమె మాస్కు గడ్డం కింద వేలాడుతూ ఉంటుంది. రోగులు వచ్చేదాకానైనా ముక్కుకు గాలి తగలొద్దా అంటుంది. ఇవాళ ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే కట్టుకుంది. దాని కింద కుడి దవడ ఉబ్బి, చెవి కింద నుంచి మెడ దాకా పసుపుపచ్చగా, అంచుల్లో ఊదారంగుగా కమిలి ఉంది. ఆదివారం నాడు ఆ వైపు జ్ఞానదంతాలు రెండూ తీయించుకుంది. పైది తేలిగ్గానే వచ్చింది. కిందది ఎముకలో అడ్డంగా పడుకుని ఉంటే చిగుళ్ళు కోసి, పన్నును రెండు ముక్కలు చేసి తీయాల్సి వచ్చింది. ఇవాళ గురువారం. నోరు ఇంకా రెండు వేళ్ళ మందమే తెరుచుకుంటోంది. పొద్దున పాలలో నానబెట్టిన రొట్టెను చెంచాతో ఎడమ దవడలోకి తోసుకుని, నమలకుండానే మింగి వచ్చింది.

"పెద్దమ్మా, ఆ రోజు నోరు జారాను. ఏమీ అనుకోకు."

మాస్కు లోపల, పెదవులు కదలకుండా అనుకుని చూసింది. బాగాలేదు. ఏమీ అనుకోకు అంటే మళ్ళీ ఆవిడకే పని చెప్పినట్టుంది.

"పెద్దమ్మా, ఆ రోజు మా పాపకు ఒంట్లో బాలేదు, ఆ కంగారులో..."

ఇది ఇంకా అధ్వాన్నం. పిల్లను అడ్డం పెట్టుకున్నట్టుంది.

గోడ గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది. బొత్తాల పెద్దమ్మ కుట్లు విప్పించుకోవడానికి పదకొండింటికి వస్తుంది. ఆలోగా ఒక మాట సరిగ్గా కుదరాలి.

క్లినిక్కులో అందరూ ఆమెను సిస్టర్ అనే పిలుస్తారు. ఆమె నర్సు కాదు. తొమ్మిదో తరగతి సగంలో, ఇంట్లో చంటిపిల్లను చూసుకునేవాళ్ళు లేక బడి మానిపించారు. ఆ చంటిపిల్ల, అంటే ఆమె చెల్లెలు, నడక నేర్చి తనే బడికి పోయే వయసు వచ్చేసరికి ఆమెకు పదహారు దాటాయి. మళ్ళీ తొమ్మిదిలో కూర్చోవడానికి సిగ్గేసింది. పక్కింటావిడ తీసుకొచ్చి ఇక్కడ చేర్చింది. మొదట్లో ఎవరైనా సిస్టర్ అంటే "నేను సిస్టర్‌ని కాదండీ, ఊరికే సాయం చేస్తుంటాను" అనేది. తర్వాత్తర్వాత అనడం మానేసింది. పోయిన ఏడాది పాపను బడిలో చేర్చేటప్పుడు, తల్లి చేసే పని అన్నచోట నర్సు అని రాసింది. ఆ రోజు నుంచీ బడి గేటు దగ్గర టీచరు కనబడితే, ఎక్కడ ఏ జబ్బు గురించి అడుగుతుందో అని తల వంచుకుని చెప్పుల కేసి చూస్తూ నడుస్తుంది.

ఆమె చేసేదంతా చేతి పని. కుర్చీకి ఎడమపక్కన నిలబడి, ఒక చేత్తో రోగి బుగ్గను పక్కకు లాగి పట్టుకోవాలి. రెండో చేత్తో సక్షన్ పైపు పెట్టి ఉమ్మినీ రక్తాన్నీ పీల్చేస్తూ ఉండాలి. డాక్టరు అడగకముందే కావలసిన పనిముట్టు అందించాలి. తల కదలకుండా చూడాలి. అయిపోయాక దూది కొరికించి పాఠం అప్పజెప్పాలి.

"గంటసేపు దూది తీయొద్దు. ఉమ్మొద్దు, మింగేయండి. పుక్కిలించొద్దు. వేడివి వద్దు. గొట్టంతో పీల్చి తాగొద్దు. ఐస్‌క్రీం తినొచ్చు, అది మాత్రం పిల్లలకు పెట్టకుండా మీరే తినండి."

చివరి మాటకు అందరూ నవ్వబోయి, నోట్లో దూది ఉన్న సంగతి గుర్తొచ్చి, మూలుగుతారు.

ఆమెకు ఇంకో మాట కూడా ఉంది. కుర్చీలో బెదిరిపోయేవాళ్ళను చూసి, "ఏంటండీ ఇది? ఆరేళ్ళ పిల్లలు నయం" అనేది. ఆ మాట కానిస్టేబుల్ని అంది. లెక్కల మాస్టారిని అంది. పెళ్ళి నాలుగు రోజులుందనగా వచ్చిన పెళ్ళికొడుకును అంది. ఆ గదికి తలుపు లేదు, సగం తెర ఉంది. తెరకు అవతల బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళు, వాళ్ళ గుండెలూ దడదడలాడుతున్నా సరే, పకపకా నవ్వేవాళ్ళు. "అబ్బో, ఈ సిస్టర్‌తో పడలేం బాబూ" అని మెచ్చుకోలుగా అనేవాళ్ళు. ఆమె మాటకు జనం నవ్వేది ఈ భూమ్మీద ఆ గది ఒక్కదాంట్లోనే. ఇంట్లో నవ్వేవాళ్ళు లేరు. భర్త కలప అడితిలో రంపం దగ్గర పనిచేస్తాడు. సాయంత్రానికి చెవులు దిమ్మెక్కి వస్తాడు. ఏదైనా రెండుసార్లు చెబితేగానీ ఆయనకు వినబడదు. రెండోసారి చెప్పేటప్పటికి ఏ మాటకైనా నవ్వు పోతుంది.

అన్నేళ్ళు అందరి నోళ్ళూ చూసిన మనిషి తన నోరు ఎవరికీ చూపించలేదు. ముందుపళ్ళు రెండూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి, ఒకటి గోధుమరంగుకు తిరిగింది. నవ్వినా చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. మాస్కు వచ్చాక ఆ చేతికి కూడా విశ్రాంతి దొరికింది. కుడివైపు పోటు మొదలై ఎనిమిది నెలలైనా లవంగం నొక్కిపెట్టుకుని నెట్టుకొచ్చింది.

పోయిన గురువారం పొద్దున ఆ పోటు చెవిలోకి పాకింది. సరిగ్గా ఆ పూటే పాప బడిలో వాంతి చేసుకుందని ఫోను వచ్చింది. పక్కింటావిడను తీసుకురమ్మని చెప్పింది కానీ, తీసుకొచ్చిందో లేదో మళ్ళీ ఫోను లేదు. ఒళ్ళు కాలుతోందా? మళ్ళీ వాంతయిందా? ఫోను తీసి చూడటానికి వీల్లేదు, చేతులకు తొడుగులున్నాయి. ఆ సమయంలో కుర్చీలో ఉన్నది బొత్తాల పెద్దమ్మ.

ఆవిడ దర్జీల సందు మొదట్లో తట్ట పెట్టుకుని బొత్తాలు, కొక్కేలు, దారపుండలు అమ్ముతుంది. డెబ్బై దాటిన మనిషి. గుప్పెడు ఉంటుంది. పుచ్చిన జ్ఞానదంతం తీయించుకోమని డాక్టరమ్మ ఏడాదిగా చెబుతుంటే ఇదిగో అదిగో అంటూ వచ్చింది. కుర్చీ ఎక్కాక కూడా, "యాభై ఏళ్ళు కూడా ఉండి ఇప్పుడు నన్ను వదిలేసి ఎక్కడికి పోతుందట ఇది?" అని ఆ పన్ను మీద జోకు వేసింది. మత్తు సూది వేస్తే కిక్కురుమనలేదు. కానీ పన్ను కదిలేటప్పుడు దవడలో పుట్టే కరకర చప్పుడు ఉంటుంది చూడండి, నొప్పి లేకపోయినా తలకాయంతా వినబడుతుంది, దానికి బెదిరిపోయింది. ఎడమచెయ్యి గాలిలోకి లేచి, తడుముకుని, సక్షన్ పైపు పట్టుకున్న ఆమె మణికట్టును పట్టేసుకుంది.

పైపు జారింది. రక్తపు చుక్కలు డాక్టరమ్మ చేతి మీద చిందాయి. "అక్కా, చూసుకో" అంది డాక్టరమ్మ.

ఆమె ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా ఊడదీసింది. సన్నటి, సూది పోట్లతో గట్టిపడిన వేళ్ళు. ఆ చేతిని కుర్చీ చెయ్యి మీద పెట్టి, తన చేత్తో పైనుంచి అదిమింది. గట్టిగానే అదిమింది.

"ఈ వయసులో ఈ వేషాలేంటి పెద్దమ్మా? ఆరేళ్ళ పిల్లలు నయం!"

తెర అవతల నవ్వులు. ఎవరో మగ గొంతు, "బాగా చెప్పావు సిస్టర్" అంది. పెద్దమ్మ ఇంక కదల్లేదు. కంటి కొసనుంచి ఒక నీటిబొట్టు జారి చెవిలోకి పోయింది. అయిపోయాక దూది కొరికి పట్టుకుని, పాఠమంతా తలాడిస్తూ విని, మందులు తీసుకుని వెళ్ళింది. గడప దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూసింది. ఏదో మరిచిపోయిందేమో అనుకుంది ఆమె. అప్పటికి అంతే అనుకుంది.

ఆ సాయంత్రం పోటుకు తట్టుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంటే డాక్టరమ్మ పట్టుకుంది. బలవంతాన లైటు కింద నోరు తెరిపించింది. చిన్న అద్దం పెట్టి చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి అక్కా ఇది? నా పక్కనే నిలబడి..."

"ఆదివారం తీసేయండి డాక్టరమ్మా."

"ఆదివారం ఎవరూ ఉండరు కదా. నాకు సాయం ఎవరు?"

"అందుకే. ఎవరూ ఉండకూడదు."

డాక్టరమ్మ ఆమె మొహం చూసింది. సరేనంది.

పద్దెనిమిదేళ్ళుగా తుడుస్తున్న ఆ కుర్చీలో అదే మొదటిసారి పడుకోవడం. పైన లైటు ఇంత పెద్దదని తెలియదు. పైకప్పులో ఒక మూల తడిమరక ఉందని తెలియదు. పైనుంచి చూస్తే తనకు తెలిసిన మొహమే, చిన్నప్పుడు ఈ గదిలో నేల మీద కూర్చుని బొమ్మలకు పళ్ళు పీకిన పిల్ల మొహమే, ముక్కు రంధ్రాలూ కళ్ళూ తప్ప ఏమీ లేని కొత్త మొహంలా ఉందని తెలియదు. సక్షన్ పైపు పట్టుకునే మనిషి లేదు కాబట్టి తన పైపు తనే పట్టుకుంది. కుడిచేత్తో.

కరకర మొదలైంది.

ఎడమచెయ్యి దానంతటదే లేచింది. గాలిలో తడిమింది. కుర్చీకి ఎడమపక్కన, ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి ఉండే చోట, ఖాళీ. ఆ చోట నిలబడేది తనే. ఆ గదిలో పట్టుకోవడానికంటూ ఉన్న చెయ్యి ఒక్కటే, అది ఇప్పుడు తన భుజానికే ఉంది.

చివరికి కుర్చీ చెయ్యి దొరికింది. దాని రెక్సిన్ చివర ఒక చిల్లు ఉంది. రోగులు గోళ్ళతో గీరి గీరి చేసిన చిల్లు. దానికి ఆమె నెలకోసారి తెల్లపట్టీ అంటిస్తుంది, "కుర్చీ ఏం పాపం చేసిందండీ" అని వాళ్ళను కోప్పడుతుంది. ఆ చిల్లులోకి వేలు దూర్చింది. స్పాంజి వెచ్చగా, చివికి ఉంది. పన్ను రెండు ముక్కలయిన చప్పుడుకు "అమ్మా" అని అరిచి, కాలు విదిలించి, పనిముట్ల ట్రేని తన్నేసింది. పన్నెండు అద్దాల్లో ఒకటి పగిలింది.

డాక్టరమ్మ వంగి అద్దం ముక్కలు ఏరుతూ, ఆమెను తేలికపరచడానికే, నవ్వుతూ అంది.

"ఏంటక్కా ఇది? ఆరేళ్ళ పిల్లలు నయం."

ఖాళీ క్లినిక్కు. తెర అవతల నవ్వడానికి ఎవరూ లేరు. అయినా ఆమెకు బెంచీ నిండా జనం నవ్వినట్టే వినిపించింది. చెవులదాకా వేడెక్కింది. మత్తు ఎక్కిన సగం మొహానికి కూడా ఆ వేడి తెలిసింది.

ఇంటికి వచ్చాక దూది తీసేదాకా గోడవైపు తిరిగి పడుకుంది. భర్త మంచుగడ్డలు గుడ్డలో కట్టి తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక తల పక్కన పెట్టి, "ఏమైనా కావాలా?" అని రెండుసార్లు అడిగి, అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. పాప మంచం ఎక్కింది.

"అమ్మా, ఏడ్చావా?"

లేదన్నట్టు తలూపింది.

"మరి కళ్ళు ఎర్రగా ఉన్నాయేంటి? నేనైతే ఏడుస్తా బాబూ" అంది పాప. చెప్పి, దుప్పటి కిందనుంచి తల్లి చూపుడువేలు వెతికి పట్టుకుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. గుప్పెట్లో బిగించుకుని అలాగే నిద్రపోయింది. మొన్ననే ఆరు నిండిన పిల్ల. ఆమెకు కూతురి మొహం చూడబుద్ధి కాలేదు. గోడకేసి చూస్తూ, పెద్దమ్మ వేళ్ళను తను ఏ వరసలో ఊడదీసిందో గుర్తు తెచ్చుకుంది. ముందు చిటికెన వేలు. తర్వాత ఉంగరపు వేలు.

సోమ, మంగళ, బుధ సెలవు. ఆ మూడు రోజులూ అదే. అద్దంలో వాచిన మొహం చూసుకుంటే అదే, ఉప్పునీళ్ళతో మెల్లగా నోరు కడుక్కుంటే అదే. పెద్దమ్మ ఒక్కర్తినే కాదు, లెక్కల మాస్టారినీ, కానిస్టేబుల్నీ, అందరినీ వరుసగా నిలబెట్టి చూసుకుంది. కానీ వాళ్ళను ఎక్కడని వెతుకుతుంది? పెద్దమ్మ ఒక్కతే మళ్ళీ రావాల్సిన మనిషి. గురువారం, పదకొండింటికి. ఇంకో రెండు రోజులు ఇంట్లో ఉండమని డాక్టరమ్మ అన్నా, అందుకే వచ్చేసింది.

పదింటికి మొదటి రోగి వచ్చాడు. లారీల మెకానిక్కు. తలుపుకు సరిపడా మనిషి. అరచేతుల గీతల్లో నల్లటి నూనె ఇంకిపోయి ఉంది. సూది చూడగానే కాళ్ళు రెండూ దగ్గరికి ముడుచుకున్నాడు. ఆమె గబుక్కున బుగ్గ వదిలేసి తన చెయ్యి తీసుకెళ్ళి అతని చేతి మీద పెట్టింది.

మెకానిక్కు కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యి సర్రున లాక్కుని, తెర కేసి చూశాడు. తెర అవతల అతని భార్య ఉంది.

"ఏమైందయ్యా?" అంది భార్య గొంతు.

"ఏం కాలా, ఏం కాలా" అన్నాడు నోరు తెరిచే ఉంచి.

డాక్టరమ్మ కనుబొమలు పైకి లేచాయి. ఆమె మాస్కు లోపల ఎర్రబడిపోయి మళ్ళీ బుగ్గ పట్టుకుంది. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యని పని ఇవాళ చేద్దామంటే కుదురుతుందా? అతను వెళ్ళేటప్పుడు ఆమె వైపు చూడకుండా వెళ్ళాడు. పాఠంలో ఐస్‌క్రీం మాట ఎగరగొట్టేసింది.

పదకొండయింది. ఆమె కుట్లు విప్పే చిన్న కత్తెర తీసి, మళ్ళీ ఒకసారి తుడిచి, ట్రేలో వేరుగా పెట్టింది. కుర్చీకి ఎడమపక్కన నిలబడి చూసుకుంది. కుట్లు విప్పేటప్పుడు సక్షన్ పెద్దగా అక్కర్లేదు. ఒక చెయ్యి ఖాళీగానే ఉంటుంది.

"పెద్దమ్మా, నేను తప్పు చేశాను." అంతే. ఇంకేమీ కలపకూడదు. ఇది కుదిరింది. దవడ నొప్పెడుతుంటే ఎక్కువ మాటలు ఎలాగూ రావు.

పదకొండున్నర. బెంచీ మీద ముగ్గురున్నారు. ప్రతిసారీ గడప మీద నీడ పడగానే తల ఎత్తుతోంది.

"డాక్టరమ్మా, పెద్దమ్మకు ఒకసారి ఫోను చేద్దామా?"

"వస్తుందిలే అక్కా. తట్ట సర్దుకుని రావొద్దూ? నువ్వేంటి, కుట్లు నీవే అయినట్టు తిరుగుతున్నావ్?"

పన్నెండుకు ఒక అమ్మాయికి మత్తు సూది వేసి, ఎక్కడానికి పది నిమిషాలు పడుతుందని డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. అప్పుడు గడప మీద ఒకావిడ కనబడింది. నలభై ఏళ్ళుంటాయి. చెప్పులు బయట విప్పి, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు నిలబడింది. చేతిలో క్లినిక్కు చీటీ ఉంది.

"సిస్టర్ అంటే మీరేనామ్మా?"

"చెప్పండి."

"మా అత్తను ఇవాళ పదకొండింటికి రమ్మన్నారు. బొత్తాలు అమ్ముద్ది, దర్జీల సందులో."

"అవునండీ. ఏదీ, పెద్దమ్మ? రాలేదా?"

"రాదమ్మా. అది చెప్పిపోదామనే వచ్చా. మీరు ఎదురుచూస్తా కూర్చుంటారని."

"ఒంట్లో బాలేదా?"

"సోమవారం పోయింది."

బెంచీ మీదివాళ్ళు ఇటు తిరిగారు. ఆమె నోటి వెంట మొట్టమొదట వచ్చిన మాట, మూడు రోజులుగా కూడబలుక్కున్న మాటల్లో ఏదీ కాదు.

"పంటి వల్ల కాదు కదండీ?"

అన్నాక వినబడింది ఆమెకు. వెంటనే మాస్కు పైకి లాక్కుంది, అక్కడికి అది కిందికి జారినట్టు.

కోడలికి కోపం రాలేదు. "ఛ ఛ, పంటిదేం లేదు. గుండె. పదేళ్ళ నుంచీ ఉన్నదే. అన్నం తిని, కాసేపు ఒరుగుతానే, నాలుగింటికి లేపు అంది. నాలుగింటికి లేపా." చీటీని మడత పెట్టింది. "బాధేం పడలేదు. అంతవరకు బాగానే ఉంది. పన్ను తీయించుకొచ్చినకాడ్నుంచీ పెద్ద యుద్ధం గెలిచొచ్చినట్టు సందంతా చెప్పుకుంది. మీ గురించే చెప్పిందమ్మా."

"నా గురించా?"

"లేచి పారిపోదామనుకుందంట. అప్పుడు ఆ సిస్టర్ నా చెయ్యి గట్టిగా పట్టుకుందే, అయిపోయిందాకా వదల్లేదే అని, వచ్చినోళ్ళందరికీ అదే కథ. దర్జీలు ఏడిపించేవాళ్ళు, ఏంటి పెద్దమ్మా, ఈ వయసులో చెయ్యి పట్టుకునేవాళ్ళు దొరికారే అని." కోడలు నవ్వబోయింది. నవ్వు సగంలో తడిసిపోయింది. "మీకు ఒక మాట చెప్పిపోదామనిపించింది. మంచిపని చేశారమ్మా."

ఆవిడ నిజంగా అలాగే అనుకుందా? అదిమిన చేతినీ పట్టుకున్న చేతినీ డెబ్బై ఏళ్ళ మనిషి పోల్చుకోలేదా? లేక బెంచీ మీద నవ్వినవాళ్ళ సంగతి ఇంట్లో చెప్పుకోలేక, ఆ చోట ఇంకో కథ కుట్టుకుందా? అడగడానికి ఎవరూ లేరు.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. మాస్కు ఉంటే మాట సరిగ్గా రాదని, చెవి వెనక తాడు విప్పి కిందికి లాగింది. మాస్కు వచ్చాక బెంచీ మీద జనం ఉండగా ఆమె మొహం బయటపెట్టింది ఇవాళే.

"అది కాదండీ. ఆ రోజు నేను..."

"అయ్యో!" అంది కోడలు. చెయ్యి చాచి, తాకకుండా ఆపింది. "మీకూ తీశారా? ఎంత వాచిందమ్మా! మా అత్తకు ఇందులో సగం కూడా వాయలే. మాట్లాడకండి, మాట్లాడకండి." ఆ కమిలిన బుగ్గను కాసేపు చూసి, మెల్లగా అడిగింది. "మరి మీ చెయ్యి ఎవరు పట్టుకున్నారు?"

బెంచీ మీద ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు. నిజం ఆమె నాలుక మీదే ఉంది. ఎవరూ లేరు. నేనూ పట్టుకోలేదు. ఆవిడ పట్టుకుంటే ఊడదీశాను. మూడే మాటలు. అవి బయటికి రావడానికి రెండు వేళ్ళ మందం తెరుచుకునే నోరు చాలు.

"డాక్టరమ్మ" అంది.

"అదీ! మంచివాళ్ళ దగ్గరే పనిచేస్తున్నారు."

లోపలినుంచి డాక్టరమ్మ పిలిచింది. "అక్కా, మత్తు ఎక్కింది. రా."

కోడలు కొంగు చివర ముడి విప్పి, చిన్న కాగితపు కవరు తీసి కౌంటరు మీద పెట్టింది. "ఇందులో రెండు మాత్రలు మిగిలాయి. పారేయబుద్ధి కాలా. లేనోళ్ళకు ఎవరికైనా ఇవ్వండి." చెప్పులు వేసుకుని, సందులో బొత్తాల తట్ట ఒంటరిగా ఉందని గొణుక్కుంటూ మెట్లు దిగిపోయింది. ఆమె గడప దాకా వెళ్ళింది. పిలవడానికి నోరు తెరిచింది. దవడ పట్టేసింది. ఆ వీపు సందు మలుపు తిరిగేదాకా చూసింది.

"అక్కా!"

"వస్తున్నా డాక్టరమ్మా."

కౌంటరు మీద కవరు ఉంది. చదువు రానివాళ్ళ కోసం ఆమె తన చేత్తో, పొద్దుటి మాత్రలకు సూర్యుణ్ణీ, రాత్రి మాత్రలకు నెలవంకనూ గీసి ఇచ్చే కవరు. అయిదు రోజుల మందు. పై వరసలో అయిదుగురు సూర్యుళ్ళు, కింద అయిదు నెలవంకలు. ఆ రోజు తొందరలో సూర్యుళ్ళకు కిరణాలు కూడా సరిగ్గా గీయలేదు, వట్టి సున్నాల్లా ఉన్నాయి. మాత్ర వేసుకున్నప్పుడల్లా గురుతుకోసం కాబోలు, పెద్దమ్మ ఆ బొమ్మ మధ్యలో గుండుసూదితో ఒక్క పోటు పొడుస్తూ వచ్చింది. ఆమె కవరును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. నలుగురు సూర్యుళ్ళలోంచి, నాలుగు నెలవంకల్లోంచి సన్నగా, సూటిగా వెలుతురు వస్తోంది. అయిదో సూర్యుడూ అయిదో నెలవంకా మాత్రం ఆమె గీసి ఇచ్చినట్టే, చిల్లు లేకుండా ఉన్నాయి.